తోకచుక్క తోక: ఒక శాస్త్ర భావన చరిత్ర

పాఠం – 11

విషయక్రమం
11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 దిక్కు తెలిసింది, కారణం తెలియలేదు
11.3 కెప్లర్, న్యూటన్ వివరణలు
11.4 బెసెల్, బ్రెడిఖిన్: వర్గీకరణ యుగం
11.5 వర్ణపటం, 1910 నాటి భయం
11.6 కాంతి తోపు, దాని పరిమితి
11.7 తోక చూపిన సౌరపవనం
11.8 కేంద్రకం: విపుల్ నుంచి జొట్టో దాకా
11.9 హఠాత్ విస్ఫోటాలు
11.10 సారాంశం
11.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురుదిక్కున ఉంటుందన్న పరిశీలన చరిత్రను వివరించగలుగుతారు.
• ధూళి తోకకు, అయాన్ తోకకు ఉన్న తేడాను, వాటిని నెట్టే బలాలను చెప్పగలుగుతారు.
• తోకచుక్కలను పరిశీలించడం వల్ల సౌరపవనం అన్న భావన ఎలా పుట్టిందో విశ్లేషించగలుగుతారు.
• తోకచుక్కలు ఉన్నట్టుండి ఎందుకు వెలుగుతాయన్న ప్రశ్నకు ఇప్పటిదాకా వచ్చిన జవాబులను పరిశీలించగలుగుతారు.

11.1 పరిచయం

తోకచుక్క అన్న మాటలో ఒక పరిశీలన ఉంది, ఒక పొరపాటూ ఉంది. చుక్కలా వెలిగే తలకు ఒక వెలుగు చార అంటుకొని ఉంటుందన్నది పరిశీలన. ఆ చారను తోక అనడంలో పొరపాటు దాగి ఉంది. జంతువు ముందుకు నడిస్తే తోక వెనక ఉంటుంది. తోకచుక్కకు ఈ నియమం వర్తించదు. అది సూర్యుడి వైపు వస్తున్నప్పుడు తోక వెనక ఉన్న మాట నిజమే. సూర్యుణ్ణి చుట్టి తిరిగి వెళుతున్నప్పుడు మాత్రం తోక ముందు నడుస్తుంది, తల దాని వెనక పోతుంది. అంటే తోక దిక్కును నిర్ణయించేది ముఖ్యంగా తోకచుక్క నడక కాదు, సూర్యుడు.

సంస్కృతంలో దీన్ని ధూమకేతువు అన్నారు. పొగను జెండాగా కలిగినది అని అర్థం. ఈ పోలిక వాస్తవానికి ఇంకొంచెం దగ్గరగా ఉంది. పొగ ఎటు సాగుతుందన్నది గాలి నిర్ణయిస్తుంది. అయితే శూన్యమనుకునే అంతరిక్షంలో గాలి ఎక్కడిది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకడానికి 20వ శతాబ్దం సగం గడవవలసి వచ్చింది.

చరిత్ర విద్యార్థికి ఈ భౌతికశాస్త్రం ఎందుకు అని మీకు అనిపించవచ్చు. శాస్త్ర చరిత్రలో పరిశీలన, వర్గీకరణ, కారణ నిర్ణయం అనే మూడు పనులు ఒకే వేగంతో నడవవు. సరైన పరిశీలన సరైన కారణం లేకుండా వందల ఏళ్లు నిలవగలదు. సరైన వర్గీకరణను తప్పు కారణంతో వివరించవచ్చు. ఇందుకు తోకచుక్క తోక మంచి ఉదాహరణ. పాఠం చదువుతున్నంతసేపూ ఈ మూడింటినీ వేరువేరుగా గమనిస్తూ ఉండండి.

11.2 దిక్కు తెలిసింది, కారణం తెలియలేదు

క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ తోకచుక్కలను ఆకాశ వస్తువులుగా లెక్కించలేదు. భూమి నుంచి పైకి లేచే పొడి ఆవిర్లు చంద్రుడికి దిగువన ఉన్న వాతావరణంలో రాజుకొని మండడమే తోకచుక్క అని ఆయన భావించాడు. ఈ అభిప్రాయం యూరప్‌లో దాదాపు రెండు వేల ఏళ్లు చెల్లుబాటయింది.

భారతదేశంలో 6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు ‘బృహత్సంహిత’లో కేతువులకు ఒక అధ్యాయమే కేటాయించాడు. కేతువులు నూటొక్కటని కొందరు, వెయ్యని కొందరు చెబుతున్నారని, నారదుడు మాత్రం ఒకే కేతువు పలు రూపాల్లో కనిపిస్తుందన్నాడని నమోదు చేశాడు. ఇవి ఎప్పుడు కనిపిస్తాయో, ఎప్పుడు అస్తమిస్తాయో గణితంతో తెలుసుకోలేమని కూడా స్పష్టంగా చెప్పాడు. ఆ అధ్యాయంలో ఎక్కువ భాగం శుభాశుభ ఫలాలకు సంబంధించినదే. అయినా గణితానికి అందేదేదో, అందనిదేదో విడదీసి చెప్పిన ఆ ఒక్క మాటకు చరిత్రకారుడి దృష్టిలో విలువ ఉంది.

తోక దిక్కు విషయం చైనాలో తొందరగా నమోదైంది. 7వ శతాబ్దంలో కూర్చిన ‘జిన్ షు’ అనే చరిత్ర గ్రంథంలోని ఖగోళ భాగం, తోకచుక్కకు సొంత వెలుగు లేదని, అది సూర్యుడి వల్ల వెలుగుతుందని చెబుతుంది. అందుకే సాయంకాలం కనిపిస్తే తోక తూర్పుకు, తెల్లవారుజామున కనిపిస్తే పడమరకు చూపుతుందని వివరిస్తుంది. సాయంకాలం సూర్యుడు పడమట ఉంటాడు, వేకువన తూర్పున ఉంటాడు. కాబట్టి రెండు సందర్భాల్లోనూ తోక సూర్యుడికి ఎదురుదిక్కునే ఉందన్నమాట. రోమన్ రచయిత సెనెకా కూడా 1వ శతాబ్దంలోనే తోకలు సూర్యకిరణాల నుంచి తప్పించుకుపోతున్నట్టు ఉంటాయని రాశాడు.

యూరప్‌లో ఈ విషయాన్ని క్రమబద్ధంగా చూపినవాడు జర్మన్ పండితుడు పీటర్ అపియన్. తరవాతి కాలంలో హేలీ తోకచుక్కగా పేరుపడినది 1531లో కనిపించినప్పుడు అతడు రోజురోజూ దాని తోక దిక్కును గుర్తించాడు. 1540లో వెలువడిన తన గ్రంథంలో సూర్యుణ్ణి, తోకను ఒకే గీత మీద చూపుతూ బొమ్మ వేయించాడు. ఇటలీకి చెందిన ఫ్రకాస్టరో కూడా 1538లో ఇదే సంగతి ప్రకటించాడు.

చాలా పుస్తకాలు ఈ పరిశీలనను అపియన్ కనిపెట్టాడని ఒక్క వాక్యంలో ముగిస్తాయి. మీరు అలా రాయకండి. ఎవరు ముందు చూశారన్నదాని కన్నా, ఆ చూపు ఏ ప్రశ్నకు దారితీసిందన్నది ముఖ్యం. చైనా పండితులు సూర్యుడి వెలుగుతో సంబంధం కలిపారు. అపియన్ దాన్ని బొమ్మగా, కొలతగా మార్చాడు. కారణాన్ని మాత్రం ఎవరూ నిరూపించలేదు.

ఇక మిగిలింది తోకచుక్క ఎంత దూరంలో ఉందన్న ప్రశ్న. 1577లో కనిపించిన పెద్ద తోకచుక్క విషయంలో డెన్మార్క్‌కు చెందిన టైకో బ్రాహీ దృష్టిభేదాన్ని కొలవడానికి ప్రయత్నించాడు. మీ బొటనవేలిని ముఖం ముందు పెట్టుకొని ఒక్కో కన్ను మూసి చూడండి, వేలు వెనక ఉన్న గోడ మీద అటూ ఇటూ కదిలినట్టు కనిపిస్తుంది. దగ్గరి వస్తువుకు ఈ కదలిక ఎక్కువ, దూరపు వస్తువుకు తక్కువ. తోకచుక్కకు చంద్రుడి కన్నా చాలా తక్కువ కదలిక కనిపించింది. కాబట్టి అది చంద్రుడికి అవతల ఉందని టైకో తేల్చాడు. అరిస్టాటిల్ చెప్పిన మండే ఆవిరి అంతటితో నిలవలేకపోయింది.

11.3 కెప్లర్, న్యూటన్ వివరణలు

తోక సూర్యుడికి ఎదురుగా ఎందుకు ఉంటుందన్న ప్రశ్నకు భౌతిక కారణం చెప్పడానికి జొహానెస్ కెప్లర్ పూనుకున్నాడు. 1619లో ప్రచురించిన తోకచుక్కల గ్రంథంలో, సూర్యకిరణాలు తోకచుక్క గుండా పోతూ దాని పదార్థాన్ని కొంత తమతో మోసుకుపోతాయని, ఆ పదార్థమే తోక అని రాశాడు. కాంతికి తోసే శక్తి ఉందని ఆ కాలంలో ఎవరూ కొలవలేదు. అందువల్ల కెప్లర్ చెప్పింది ఒక మంచి ఊహగానే మిగిలిపోయింది.

న్యూటన్ వేరే దారి పట్టాడు. 1680 నాటి గొప్ప తోకచుక్కను ఆధారంగా తీసుకొని, తోకచుక్కలు కూడా గురుత్వాకర్షణ నియమం ప్రకారం సూర్యుడి చుట్టూ తిరుగుతాయని 1687 నాటి ‘ప్రిన్సిపియా’లో చూపాడు. తోక విషయానికి వచ్చేసరికి, సూర్యుడి వేడికి తోకచుక్క నుంచి సన్నని ఆవిరి లేస్తుందని, పొయ్యి మీద పొగ పైకి లేచినట్టు అది సూర్యుడికి దూరంగా లేస్తుందని భావించాడు. పొగ లేవాలంటే చుట్టూ దానికన్నా బరువైన గాలి ఉండాలి. అందుకని సూర్యుడి చుట్టూ ఒక సన్నని మాధ్యమం ఉందని ఆయన అనుకోవలసి వచ్చింది.

ఇద్దరి వివరణలనూ పక్కపక్కన పెట్టి చూడండి. తోకలోని పదార్థం తోకచుక్క నుంచే వస్తుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. దాన్ని దూరంగా తీసుకుపోయేది ఏమిటన్న దగ్గర విడిపోయారు. గ్రహగతుల్ని అంత కచ్చితంగా లెక్కగట్టిన న్యూటన్ కన్నా, లెక్క లేకుండా ఊహించిన కెప్లరే ఈ ఒక్క విషయంలో ఇప్పటి అవగాహనకు దగ్గరగా ఉన్నాడు. పెద్ద పేరు ఉన్నంత మాత్రాన ప్రతి వివరణా పెద్దది కాదు.

మీ అభ్యసనాన్ని పరీక్షించుకోండి – 1
(అ) సాయంకాలం పడమట కనిపించే తోకచుక్క తోక ఏ దిక్కుకు చూపుతుంది? ఎందుకు?
(ఆ) టైకో పరిశీలన అరిస్టాటిల్ అభిప్రాయాన్ని ఎలా దెబ్బతీసింది?

11.4 బెసెల్, బ్రెడిఖిన్: వర్గీకరణ యుగం

19వ శతాబ్దంలో దూరదర్శినులు మెరుగుపడ్డాయి. 1811 నాటి గొప్ప తోకచుక్కను పరిశీలించిన ఓల్బర్స్, సూర్యుడి నుంచి విద్యుత్ సంబంధమైన ఒక వికర్షణ బలం పనిచేస్తూ ఉండవచ్చని 1812లో సూచించాడు. 1835లో హేలీ తోకచుక్క తిరిగి వచ్చినప్పుడు ఫ్రెడ్రిక్ బెసెల్ దాని తల నుంచి సూర్యుడి వైపుకు వెలుగు ధారలు ఎగజిమ్మడం చూశాడు. అవి కొంతదూరం ముందుకు పోయి, ఫౌంటెన్ నీళ్లలా వంగి వెనక్కి మళ్లి తోకలో కలుస్తున్నాయి. ఆకర్షణకు వ్యతిరేక దిశలో పనిచేసే బలం ఒకటి ఉందనుకొని బెసెల్ ఆ ధారల దారుల్ని లెక్కగట్టాడు.

బెసెల్ లెక్కను రష్యన్ శాస్త్రవేత్త ఫ్యొదర్ బ్రెడిఖిన్ పెంచి విస్తరించాడు. 1858లో కనిపించిన దొనాతి తోకచుక్కకు కత్తిలా వంగిన వెడల్పాటి తోకతో పాటు తీగల్లాంటి సన్నని నిటారు తోకలు కూడా ఉన్నాయి. ఇలాంటి ఉదాహరణలను పోల్చి బ్రెడిఖిన్ తోకలను మూడు రకాలుగా విభజించాడు. వికర్షణ బాగా ఎక్కువైతే తోక దాదాపు నిటారుగా ఉంటుంది, తక్కువైతే వంగుతుంది, ఇంకా తక్కువైతే బాగా వంగి పొట్టిగా ఉంటుంది. తేలికైన పదార్థాన్ని బలం ఎక్కువగా నెడుతుందని భావించి, మొదటి రకంలో హైడ్రోజన్, రెండోదానిలో హైడ్రోకార్బన్లు, మూడోదానిలో ఇనుము వంటి లోహాలు ఉంటాయన్నాడు.

ఆ విభజన చాలావరకు నిలిచింది. నిటారు తోక వేరు, వంపు తోక వేరు అన్న విషయం ఇప్పటికీ సరైనదే. ఆయన చెప్పిన పదార్థాలు మాత్రం నిలవలేదు. నిటారు తోకలో ఉన్నది విద్యుదావేశం గల వాయు కణాలు, వంపు తోకల్లో ఉన్నది ధూళి అని తరవాత తేలింది. పరిచయంలో చెప్పుకొన్న మాటకు ఇక్కడ రుజువు దొరికింది: వర్గీకరణ ఒప్పు, కారణం తప్పు.

11.5 వర్ణపటం, 1910 నాటి భయం

తోకచుక్కలో ఏముందో ఊహించనక్కరలేకుండా చూసే మార్గం వర్ణపట విశ్లేషణతో వచ్చింది. 1864లో దొనాతి మొదటిసారి ఒక తోకచుక్క వెలుగును పట్టకం గుండా పరిశీలించాడు. 1868లో ఇంగ్లండుకు చెందిన విలియం హగ్గిన్స్ ఇంకొక తోకచుక్క వర్ణపటాన్ని ప్రయోగశాలలోని వాయువు వెలుగుతో పోల్చి, అందులో కార్బన్ సమ్మేళనం జాడ ఉందని చూపాడు. 1881లో ఆయన తీసిన వర్ణపట ఛాయాచిత్రంలో సయనోజన్ జాడ కూడా బయటపడింది.

ఈ చివరి పేరు 1910లో జనాన్ని భయపెట్టింది. ఆ ఏడు హేలీ తోకచుక్క తిరిగి వచ్చింది. మే 18, 19 తేదీల్లో భూమి దాని తోక గుండా పోతుందని లెక్క తేలింది. తోకచుక్కలో విషవాయువు ఉందన్న వార్త, భూమి తోకలోకి పోతుందన్న లెక్క రెండూ పత్రికల్లో ఒకచోట చేరాయి. ఫ్రెంచి ఖగోళ రచయిత ఫ్లమారియన్ పేరు మీద ప్రాణికోటి నశిస్తుందన్న అభిప్రాయం అచ్చయింది. అమెరికాలో కొందరు ‘తోకచుక్క మాత్రలు’ అమ్మి సొమ్ము చేసుకున్నారు. తేదీ వచ్చింది, పోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. తోకలోని వాయువు ప్రయోగశాలలో మనం సాధించే శూన్యం కన్నా కూడా పలచన. అంత పలచని వాయువు మన వాతావరణం గుండా నేలకు దిగి హాని చేసే ప్రశ్నే లేదు.

ఈ సంఘటనను అజ్ఞానం కథగా మాత్రమే చదవకండి. ఇక్కడ భయానికి ఆధారం శకునం కాదు, శాస్త్ర ఫలితమే. ‘ఏముంది’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పి, ‘ఎంత ఉంది’ అన్న ప్రశ్నను వదిలేయడం వల్ల ఆ భయం పుట్టింది. పరిమాణం చెప్పని సత్యం అబద్ధమంత పని చేయగలదు.

అదే సమయంలో తెలుగునాట వచ్చిన స్పందన ఒకటి గుర్తుంచుకోదగినది. గురజాడ అప్పారావు 1910 నాటి ‘ముత్యాల సరములు’ గేయంలో తోకచుక్క ప్రస్తావన వస్తుంది. దాన్ని కీడు తెచ్చే శకునంగా కాక, భూమికి చుట్టంలాంటి వస్తువుగా చూడమన్న ధోరణి అందులో ఉంది. మూఢనమ్మకాన్ని సంస్కరణ దృష్టితో ఎదుర్కొన్న సాహిత్య సాక్ష్యంగా సామాజిక చరిత్ర విద్యార్థులు దాన్ని ఉపయోగించుకోవచ్చు.

11.6 కాంతి తోపు, దాని పరిమితి

కెప్లర్ ఊహకు సిద్ధాంత బలం 1873లో వచ్చింది. కాంతి తాను పడిన వస్తువు మీద ఒత్తిడి కలిగిస్తుందని మాక్స్‌వెల్ తన విద్యుదయస్కాంత గ్రంథంలో చూపాడు. ఆ ఒత్తిడి అతి స్వల్పం. దాన్ని మాస్కోలో ప్యోతర్ లెబెదెవ్ ప్రయోగం ద్వారా కొలిచి 1901లో ఫలితాలు ప్రచురించాడు. తోకచుక్కల తోకలే ఆయన ఆసక్తికి ఒక కారణం. 1900లోనే స్వీడన్‌కు చెందిన అర్హీనియస్ ఈ ఒత్తిడిని తోకలకు అన్వయించాడు.

ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఒక ధూళి రేణువు బరువు దాని ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. దాని మీద పడే కాంతి దాని అడ్డుకొలత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. రేణువు సైజు పదో వంతుకు తగ్గితే బరువు వెయ్యో వంతుకు తగ్గుతుంది, వైశాల్యం నూరో వంతుకే తగ్గుతుంది. అంటే రేణువు చిన్నదయ్యేకొద్దీ ఆకర్షణతో పోలిస్తే కాంతి తోపుకు బలం పెరుగుతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు సైజు రేణువుల దగ్గర ఈ రెండు బలాలూ పోల్చదగిన స్థాయికి వస్తాయి. కాంతి ఒత్తిడి, ఆకర్షణ రెండూ దూరం వర్గానికి విలోమంగా తగ్గుతాయి కాబట్టి వాటి నిష్పత్తి మారదు. ఒక్కో సైజు రేణువు తనదైన కక్ష్య పట్టి వెనకబడుతుంది. ఆ దారులన్నీ కలిసి పసుపుపచ్చని, వంపు తిరిగిన ధూళి తోక అవుతుంది.

నిటారు తోకకు మాత్రం ఈ లెక్క సరిపోలేదు. 1908లో మోర్‌హౌస్ తోకచుక్క ఛాయాచిత్రాల్లో తోకలోని ముడులు గంటగంటకూ జరిగిపోతూ, కొన్నిసార్లు తోక తెగిపోయినట్టు కనిపించింది. అలా జరగాలంటే సూర్యాకర్షణకు వంద రెట్లకు పైగా బలం కావాలి. కాంతికి అంత తోపు లేదు. దాదాపు ఆ కాలంలోనే ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్, ప్రయోగశాలలో అతి తక్కువ పీడనం వద్ద కార్బన్ మోనాక్సైడ్‌ను వెలిగించి, తోకలో కనిపించే నీలి పట్టీలనే అక్కడ చూశాడు. అవి ఎలక్ట్రాన్ కోల్పోయిన కార్బన్ మోనాక్సైడ్ అయాన్లవని తరవాత స్పష్టమైంది. పదార్థం ఏమిటో తెలిసింది. దాన్ని అంత వేగంగా తోసేదేమిటో తెలియలేదు.

11.7 తోక చూపిన సౌరపవనం

1943లో జర్మన్ శాస్త్రవేత్త కూనో హాఫ్‌మైస్టర్ ఒక చిన్న తేడాను పట్టించుకున్నాడు. వాయు తోక సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉండదు, తోకచుక్క నడిచే దిశకు వెనక్కి కొద్దిగా, సుమారు 6 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. వానలో సైకిల్ తొక్కేటప్పుడు నిటారుగా పడే చినుకులు మనకు ముందు నుంచి ఏటవాలుగా వస్తున్నట్టు అనిపిస్తాయి. ఎంత వాలన్నది చినుకు వేగం, సైకిల్ వేగం రెండింటి మీదా ఆధారపడుతుంది. తోక ఒరుగు కూడా అలాంటిదే.

గొటింగెన్‌లో పనిచేస్తున్న లుడ్విగ్ బియర్‌మన్ 1951లో దీని నుంచి ధైర్యంగా ఒక నిర్ణయానికి వచ్చాడు. సూర్యుడి నుంచి అన్ని వైపులకూ, అన్ని వేళలా విద్యుదావేశ కణాలు సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో ప్రవహిస్తున్నాయని, వాయు తోకను తోసేది ఆ ప్రవాహమేనని అన్నాడు. లెక్క మీరే వేసి చూడండి. సూర్యుడి దిశకు అడ్డంగా తోకచుక్క వేగం సెకనుకు 40 కిలోమీటర్లు అనుకుందాం. 6 డిగ్రీల టాంజెంట్ విలువ సుమారు 0.105. 40ని 0.105తో భాగిస్తే వచ్చేది దాదాపు 380. అంటే ఆ ప్రవాహం వేగం సెకనుకు దాదాపు 380 కిలోమీటర్లు. ఒక కోణాన్ని కొలిచి, ఎవరూ చూడని గాలి వేగాన్ని చెప్పవచ్చన్నమాట.

1958లో షికాగోలో యూజీన్ పార్కర్ ఈ ప్రవాహానికి గణిత సిద్ధాంతం రాసి సౌరపవనం అని పేరు పెట్టాడు. పత్రిక పరిశీలకులిద్దరూ ఆ వ్యాసాన్ని తిరస్కరించారు. పత్రిక సంపాదకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆయనకూ ఆ భావన నచ్చలేదు. అయినా గణితంలో తప్పు కనిపించలేదు కాబట్టి వ్యాసాన్ని అచ్చువేయించారు. నచ్చకపోవడం వేరు, తప్పు కావడం వేరు అని పాటించిన సంపాదకుడి నిర్ణయం అది. 1962లో శుక్రగ్రహం వైపు వెళుతూ మరైనర్–2 నౌక ఆ పవనం ఆగకుండా వీస్తోందని నేరుగా కొలిచింది.

బియర్‌మన్ చెప్పిన దానిలోనూ దిద్దవలసినది ఉంది. కణాలు నేరుగా ఢీకొని తోకను తోస్తాయని ఆయన అనుకోవడం వల్ల, ప్రవాహం సాంద్రత ఉన్నదానికన్నా చాలా ఎక్కువగా వచ్చింది. 1957లో స్వీడన్‌కు చెందిన హానెస్ ఆల్వేన్ సరైన మార్గం చూపాడు. సౌరపవనం తనతోపాటు అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొస్తుంది. ఆ క్షేత్రరేఖలు తోకచుక్క తలకు అడ్డం తగిలి, ఏటిలో రాయికి చిక్కిన నాచులా వెనక్కి వేలాడతాయి. అయాన్లు ఆ రేఖల వెంట సాగి నీలి తోకగా ఏర్పడతాయి. 2007లో సూర్యుడి నుంచి వెలువడిన ఒక పెద్ద ప్లాస్మా మేఘం ఎంకీ తోకచుక్క తోకను తెంచివేయడాన్ని స్టీరియో నౌక చిత్రించింది.

మీ అభ్యసనాన్ని పరీక్షించుకోండి – 2
(అ) ధూళి తోక ఎందుకు వంగుతుంది? అయాన్ తోక ఎందుకు దాదాపు నిటారుగా ఉంటుంది?
(ఆ) తోక ఒరుగు 5 డిగ్రీలు, తోకచుక్క అడ్డువేగం సెకనుకు 35 కిలోమీటర్లు అయితే సౌరపవన వేగం ఎంత? (5 డిగ్రీల టాంజెంట్ 0.0875)

11.8 కేంద్రకం: విపుల్ నుంచి జొట్టో దాకా

ఇంతవరకు తోకను నెట్టే బలాల గురించి చెప్పుకొన్నాం. తోకకు సరుకు ఎక్కడి నుంచి వస్తుంది? 20వ శతాబ్దం మధ్య వరకు తోకచుక్క తల అంటే వదులుగా కలిసి నడిచే ఇసుక, రాళ్ల గుంపు అన్న అభిప్రాయం బలంగా ఉండేది.

1949లో ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టినవారిలో వైను బప్పు ఒకరు. ఆయన తండ్రి హైదరాబాద్ నిజామియా వేధశాలలో పనిచేశారు. బప్పు హైదరాబాద్‌లో పెరిగి, హార్వర్డ్‌లో పరిశోధన చేస్తున్న రోజుల్లో ఈ ఆవిష్కరణ జరిగింది. దానికి బప్పు–బాక్–న్యూకర్క్ తోకచుక్క అని పేరు. ఆ మరుసటి ఏడే హార్వర్డ్‌కు చెందిన ఫ్రెడ్ విపుల్ తోకచుక్కల అవగాహననే మార్చే వ్యాసం ప్రచురించాడు.

విపుల్‌ను ఆలోచింపజేసింది ఎంకీ తోకచుక్క. అది 3.3 ఏళ్లకోసారి సూర్యుణ్ణి చుట్టివస్తుంది. 19వ శతాబ్దంలో ప్రతి చుట్టుకూ సుమారు రెండున్నర గంటలు ముందుగా వస్తూ ఉండేది. గురుత్వాకర్షణ ఒక్కటే దీన్ని వివరించలేదు. తోకచుక్క కేంద్రకం మంచు, ధూళి కలిసిన ఒక గట్టి ముద్ద అని విపుల్ ప్రతిపాదించాడు. ఎండ తగిలినవైపు మంచు కరిగి నీరు కాకుండా నేరుగా ఆవిరవుతుంది. దీన్ని ఉత్పతనం అంటాం. ఆ ఆవిరి ఒకవైపుకు ఎగజిమ్మితే, తారాజువ్వలా కేంద్రకం ఎదురువైపుకు కొద్దిగా నెట్టుకుపోతుంది. బెసెల్ 1835లో చూసిన ధారలకు, ఎంకీ తోకచుక్క తొందరకు ఒకే కారణం దొరికింది.

1986 మార్చిలో యూరప్ పంపిన జొట్టో నౌక హేలీ కేంద్రకానికి సుమారు 600 కిలోమీటర్ల దూరం దాకా వెళ్లింది. దాదాపు 15 కిలోమీటర్ల పొడవున్న ఆ కేంద్రకం మెరిసే మంచులా లేదు, బొగ్గులా నల్లగా ఉంది. తన మీద పడిన వెలుగులో 4 శాతమే తిప్పి పంపుతోంది. ఎండవైపున కొన్ని చోట్ల నుంచి మాత్రమే ధారలు లేస్తున్నాయి. మంచు లోపల ఉంది, పైన నల్లని ధూళి పెంకు కప్పి ఉంది.

ఇప్పుడు మొత్తం క్రమం చెప్పుకోవచ్చు. కేంద్రకం సూర్యుణ్ణి సమీపిస్తుంది. లోపలి మంచు ఆవిరై, ధూళిని వెంటబెట్టుకొని బయటకు వస్తుంది. అది కేంద్రకం చుట్టూ కోమా అనే మబ్బుగా ఏర్పడుతుంది. కోమాలోని ధూళిని సూర్యకాంతి నెట్టి వంపు తోకను చేస్తుంది. వాయువు కొంత అతినీలలోహిత కిరణాల వల్ల అయాన్లుగా మారుతుంది, వాటిని సౌరపవనం లాగి నీలి తోకను చేస్తుంది. 1997లో హేల్–బాప్ తోకచుక్కకు ఈ రెండూ కాక సోడియం పరమాణువుల సన్నని తోక ఇంకొకటి బయటపడింది.

11.9 హఠాత్ విస్ఫోటాలు

ఈ క్రమం ప్రకారం తోకచుక్క సూర్యుణ్ణి చేరేకొద్దీ మెల్లగా వెలగాలి, దూరమయ్యేకొద్దీ మెల్లగా ఆరిపోవాలి. కొన్ని తోకచుక్కలు ఈ నియమం పాటించవు.

1892 నవంబరు 6న లండన్‌లో ఎడ్విన్ హోమ్స్ దూరదర్శినిని ఆండ్రోమెడా నీహారిక వైపు తిప్పగా, దాని దగ్గరలో అంతకుముందు లేని ఒక వెలుగు కనిపించింది. అది కంటికి కూడా ఆనేంత ప్రకాశంతో ఉన్న కొత్త తోకచుక్క. కక్ష్య లెక్కిస్తే అది దాదాపు అయిదు నెలల కిందటే సూర్యుడి సమీప స్థానం దాటిపోయిందని తేలింది. ఆరిపోవలసిన సమయంలో వెలిగిందన్నమాట. తరవాత మసకబారి, 1893 జనవరిలో మళ్లీ వెలిగింది. 1906 తరవాత దాని జాడ పోయింది. కొత్తగా కక్ష్య లెక్కించాక 1964లో తిరిగి దొరికింది.

2007 అక్టోబరులో అదే తోకచుక్క ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. 17వ ప్రకాశ తరగతిలో, పెద్ద దూరదర్శినికి మాత్రమే కనిపించేది, రెండు రోజులు తిరక్కుండా 2.8కి చేరింది. అంటే వెలుగు సుమారు అయిదు లక్షల రెట్లు పెరిగింది. అప్పుడు కూడా సమీప స్థానం దాటి అయిదు నెలలకు పైనే అయింది. ధూళి గోళంలా సెకనుకు దాదాపు అర కిలోమీటరు వేగంతో విస్తరించింది. 16 రోజుల్లో ఎంత విస్తరిస్తుందో గుణించి చూడండి: వ్యాసార్ధం దాదాపు 7 లక్షల కిలోమీటర్లు, వ్యాసం 14 లక్షలు. ఇది సూర్యుడి వ్యాసానికి సమానం. నిజంగానే నవంబరు 9 నాటికి, సుమారు మూడున్నర కిలోమీటర్ల ఆ చిన్న ముద్ద చుట్టూ సూర్యుడంత మబ్బు ఏర్పడింది.

అంత ధూళి ఉండి కూడా తోక పెద్దగా కనిపించలేదు. ఆ సమయంలో తోకచుక్క మనకు సూర్యుడి దాదాపు ఎదురువైపున ఉంది. తోక దాని వెనక్కి సాగడం వల్ల మనం దాన్ని నిడివిలో కాక కొనవైపు నుంచి చూశాం. తోక లేదనుకోవడం, కనిపించడం లేదనుకోవడం ఒకటి కావు.

ఇంకొక ఉదాహరణ ష్వాస్‌మన్–వాక్‌మన్–1. 1927లో జర్మనీలోని హాంబర్గ్ వేధశాలలో కనిపెట్టారు. ఇది గురుగ్రహ కక్ష్యకు అవతల దాదాపు గుండ్రని దారిలో తిరుగుతుంది. అంత చలిలో నీటి మంచు ఆవిరి కాదు. అయినా ఏటా పలుమార్లు ఉన్నట్టుండి వెలుగుతుంది. 1994లో దీని నుంచి కార్బన్ మోనాక్సైడ్ వెలువడడాన్ని గుర్తించారు. నీటి మంచు కన్నా చాలా తక్కువ వేడికే ఆవిరయ్యే పదార్థం ఇది.

విస్ఫోటాలకు శాస్త్రవేత్తలు ప్రధానంగా మూడు కారణాలు ప్రతిపాదించారు. మొదటిది, లోపలి మంచులో క్రమమైన అమరిక లేని అస్ఫటిక రూపం ఉంటుంది. వేడి లోపలికి చేరినప్పుడు అది స్ఫటికంగా మారుతుంది. ఆ మార్పులో వేడి పుట్టి, మంచులో చిక్కుకున్న వాయువులు ఒక్కసారిగా విడుదలవుతాయి. ఎండ వేడి పెంకు గుండా లోపలికి దిగడానికి సమయం పడుతుంది కాబట్టి, హోమ్స్ ఆలస్యంగా వెలగడానికి ఇది సరిపోయే వివరణ. రెండోది, పెంకు కింద వాయు పీడనం పెరిగి మూత ఎగిరిపోవడం. మూడోది, కొండచరియ విరగడం లేదా కేంద్రకమే ముక్కలవడం వల్ల కొత్త మంచు ఎండకు బయటపడడం.

మూడోదానికి రొసెట్టా నౌక కళ్లకు కట్టే సాక్ష్యం ఇచ్చింది. అది 2014 ఆగస్టు నుంచి 2016 సెప్టెంబరు వరకు చూర్యుమోవ్–గెరసిమెంకో తోకచుక్కకు తోడుగా నడిచింది. ఆస్వాన్ అని పేరుపెట్టిన ఒక చరియ అంచున 2014లోనే పెద్ద పగులు కనిపించింది. 2015 జులై 10న ఒక విస్ఫోటం నమోదైంది. తరవాతి చిత్రాల్లో ఆ అంచు కూలి, లోపలి తెల్లని మంచు బయటపడి ఉంది. ఆ వేసవిలో మూడు నెలల్లో 34 విస్ఫోటాలను రొసెట్టా కెమెరాలు లెక్కించాయి. కొన్ని ఆ ప్రదేశంలో తెల్లవారగానే, కొన్ని మధ్యాహ్నం దాటాక జరిగాయి. అన్నింటికీ ఒకే కారణం ఉండనవసరం లేదని దీనివల్ల తెలుస్తుంది.

11.10 సారాంశం

తోక సూర్యుడికి ఎదురుగా ఉంటుందన్న పరిశీలన చైనాలో, యూరప్‌లో విడివిడిగా నమోదైంది. కారణం కోసం జరిగిన అన్వేషణలో కెప్లర్ కాంతిని, న్యూటన్ మాధ్యమాన్ని, ఓల్బర్స్ విద్యుత్తును తలచారు. ధూళి తోక విషయంలో కెప్లర్ ఊహ నిలిచింది. ఓల్బర్స్ అనుకున్న రూపంలో కాకపోయినా, అయాన్ తోక విషయంలో విద్యుదయస్కాంత బలాలే పనిచేస్తున్నాయి. సూర్యుడి చుట్టూ ఏదో సన్నని మాధ్యమం ఉందన్న న్యూటన్ మాట కూడా పూర్తిగా వృథా కాలేదు. అది నిలకడగా ఉండేది కాక, వీచే పవనమని తేలింది. జవాబుల్లో తప్పుఒప్పులు కలిసి ఉండడం శాస్త్ర చరిత్రలో సహజం. ఎవరు గెలిచారన్నది కాక, ఎవరు ఏ ఆధారంతో ఎంతవరకు చెప్పగలిగారన్నది చూడడం మీ పని.

విస్ఫోటాల కథ ఇంకా ముగియలేదు. కారణాలు ప్రతిపాదించాం, కొన్నింటికి సాక్ష్యం దొరికింది, ఏ తోకచుక్క ఎప్పుడు వెలుగుతుందో ముందుగా చెప్పే లెక్క మాత్రం ఇంకా మన చేతికి రాలేదు. ఈ ఒక్క విషయంలో వరాహమిహిరుడి మాట పద్నాలుగు వందల ఏళ్ల తరవాత కూడా కొంత చెల్లుతూనే ఉంది.

11.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తోకచుక్క తోక ఏర్పడే విధానం గురించి కెప్లర్ నుంచి ఆల్వేన్ వరకు వచ్చిన వివరణలను సమీక్షించండి.
2. ‘సరైన వర్గీకరణను తప్పు కారణంతో వివరించవచ్చు’ – బ్రెడిఖిన్ కృషిని ఆధారంగా చేసుకొని చర్చించండి.
3. 1910లో హేలీ తోకచుక్క కలిగించిన భయానికి శాస్త్ర, సామాజిక కారణాలను విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. హాఫ్‌మైస్టర్ పరిశీలన ప్రాముఖ్యం
2. విపుల్ మంచుముద్ద నమూనా
3. హోమ్స్ తోకచుక్క విస్ఫోటాలు
4. పార్కర్ వ్యాసం ప్రచురణ ఉదంతం

III. చేసి చూడండి.
మీ ఊళ్లో పెద్దవారిని అడిగి, వారు చూసిన తోకచుక్క గురించి వివరాలు సేకరించండి. ఏ నెలలో, ఏ వేళ, ఏ దిక్కున చూశారో, తోక ఎటు చూపిందో రాసుకోండి. సూర్యుడు అప్పుడు ఎక్కడ ఉన్నాడో ఊహించి, వారి జ్ఞాపకం ఈ పాఠంలోని నియమానికి సరిపోతుందో లేదో పరిశీలించండి. మౌఖిక సాక్ష్యాన్ని పరీక్షించడం చరిత్ర విద్యార్థి నేర్చుకోవలసిన మొదటి పనుల్లో ఒకటి.